సంచార దర్శిని స్థిరనివాసం

కొండమామిడివలస ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పెట్టె వచ్చిన రోజున గేటుకు అరటి బోదెలు కట్టారు. రిబ్బను దొరక్కపోతే సిస్టర్ ఎస్తేరమ్మ బ్యాండేజీ గుడ్డకు ఎర్రమందు పూసి, ఆరబెట్టి, రిబ్బను చేసింది. దాన్ని కత్తిరించడానికి జిల్లా సంచార పరికరాల సమన్వయాధికారి ప్రభాకర చయనులు గారు స్వయంగా జీపులో కొండెక్కి వచ్చారు.

పెట్టె అంటే ఒక చేత్తో ఎత్తగలిగిన సూట్‌కేసు. మూత తీస్తే చిన్న తెర, తెర పక్కన తీగలు, తీగల చివర చేతికి చుట్టే పట్టీ, వేలికి తొడిగే క్లిప్పు, పొట్ట మీద ఆనించే బిళ్ళ. ఒంట్లో రక్తం ఎంతుందో, రక్తపోటు ఎంతుందో, కడుపులో బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోందో నిమిషాల్లో చెప్పేస్తుంది. దారి లేని చోటికి, కరెంటు లేని చోటికి భుజాన వేసుకుని పోవడానికే దాన్ని తయారు చేశారు. పూర్తి పేరు సంచార ఆరోగ్య దర్శిని. అంత పేరు ఎవరు పలుకుతారని కొండ మీది జనం పెట్టె అన్నారు.

"ఇకపై రోగి ఆసుపత్రికి రానక్కరలేదు. ఆసుపత్రే రోగి ముంగిటకు నడిచి వెళ్ళును. ఇది కేవలం పరికరం కాదు, ఒక దృక్పథం" అన్నారు చయనులు గారు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు డాక్టర్ పైడిరాజు. మెప్పు కోసం కాదు, నిజంగానే సంతోషించాడు. కొండ పైనున్న గుమ్మిడిగూడకు రోడ్డు లేదు. అక్కడ నడవలేని మనిషిని కర్రకు దుప్పటి కట్టి, అందులో పడుకోబెట్టి, ఇద్దరు మనుషులు చెరో కొన భుజాన పెట్టుకుని దించాలి. దాన్ని డోలీ అంటారు. కిందటేడు బోడెమ్మ పెద్దకోడలు అలాగే కాన్పుకని డోలీలో వచ్చి, ఆసుపత్రి వరండా ఎక్కాక ప్రాణం విడిచింది. ఒంట్లో రక్తం లేదన్న సంగతి ఆ రోజే తెలిసింది. ముందే తెలిసుంటే బతికేది. ఆ మాట పైడిరాజుకు ఇప్పటికీ అన్నం దగ్గర గుర్తొస్తుంది.

జీపు ఎక్కబోతూ చయనులు గారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"ఒక చిన్న విషయం డాక్టరుగారూ. వేరొక మండలంలో ఒక దర్శినిని గ్రామానికి తరలిస్తుండగా మార్గమధ్యంలో వాగులో పడి దివంగతమైంది. ఆ దృష్ట్యా, దర్శినిని ప్రాంగణం దాటించదలచినచో జిల్లా కమిటీ వారి సంచార అనుమతి తప్పనిసరి."

"సంచార పరికరం కదా సార్?"

"అందుకే కదా అనుమతి. కదలని వస్తువుకు అనుమతి ఎందుకండీ?"

పైడిరాజుకు అందులో తప్పు కనబడలేదు. పైగా విజయనగరం బదిలీకి అతను పెట్టుకున్న అర్జీ చయనులు గారు ఒక మంచి మాట చెబితే కదిలేలా ఉంది. సరే సార్ అన్నాడు.

వారం తిరక్కుండా మొదటి సూచన వచ్చింది. దర్శినికి వేడి పనికిరాదు, చల్లని గదిలో ఉంచాలి. ఆసుపత్రి మొత్తానికి కురవని కప్పు ఉన్నది కాన్పుల గది ఒక్కటే. ఏసీ దానికే బిగించారు. కాన్పుల మంచాన్ని వరండాలోకి మార్చి చుట్టూ చీర కట్టారు. తర్వాత దుమ్ము పనికిరాదన్నారు. గదిలో నేలకు రోజూ రెండుసార్లు ఫినాయిలు, గుమ్మం బయట చెప్పులు. ఆ తర్వాత కాపలాకు ఒక మనిషి వచ్చాడు. రాత్రి పెట్టెకు కాపలా, పగలు పెట్టెను చూడాలనుకునేవాళ్ళకు కాపలా.

దర్శిని కుశలాన్ని పొద్దున, సాయంత్రం జిల్లాకు ఫోనులో చెప్పాలని ఇంకో ఆదేశం. గది వేడి ఎంత, బ్యాటరీ ఎంత, రాత్రి ఏమైనా శబ్దం చేసిందా.

"సార్, వార్డులో అప్పలసూరికి మూడు రోజులుగా జ్వరం. ఆడి టెంపరేచరు ఒక్కపాలి సూస్తన్నాను, దీనిది రెండుసార్లు సూస్తన్నాను" అంది ఎస్తేరమ్మ.

"అతని గురించి జిల్లా అడగదు సిస్టర్" అన్నాడు పైడిరాజు. వెటకారంగా అనలేదు, జవాబుగానే అన్నాడు. అప్పటికి అతను అంతగా అలవాటు పడిపోయాడు.

అసలు సూచన వానలు మొదలయ్యాక వచ్చింది. దగ్గు, జలుబు, జ్వరం, విరేచనాలు ఉన్నవారి వల్ల పరికరం కలుషితమయ్యే ప్రమాదం ఉన్నందున, అట్టివారిని దర్శిని గదిలోకి అనుమతించరాదు. పైడిరాజు దాన్ని రెండుసార్లు చదివి చయనులు గారికి ఫోను చేశాడు.

"సార్, జబ్బున్నవాళ్ళని రానివ్వకపోతే పరీక్ష ఎవరికి చెయ్యమంటారు?"

"లేనివారికి చేయండి. ముందస్తు నిర్ధారణ అంటే ఏమిటనుకున్నారు? జబ్బు వచ్చాక నిర్ధారించడంలో గొప్పేముంది?"

లేనివాళ్ళకే చేశారు. పంచాయతీ ఆఫీసు వాళ్ళు వచ్చారు, బడి పంతుళ్ళు వచ్చారు, ఫారెస్టు గార్డులు ఉతికిన బట్టలు వేసుకుని వచ్చారు. అందరికీ అన్నీ బాగున్నాయి. ఫలితాలు జిల్లాకు వెళ్ళాయి. చయనులు గారి గొంతు ఫోనులో పొంగిపోయింది.

"అద్భుతం డాక్టరుగారూ. దర్శిని అడుగుపెట్టిన ఒక్క సీజనులో మీ మండలంలో వ్యాధి శూన్యమైంది. ఇది రాష్ట్రంలో మరెక్కడా నమోదు కాలేదు."

వ్యాధి శూన్యమైన మండలానికి మందులు ఎందుకని వచ్చే నెల సరఫరా సగానికి తగ్గించారు. అభినందన పత్రం మాత్రం అట్టపెట్టెలో భద్రంగా వచ్చింది.

అలాంటి రోజుల్లో బోడెమ్మ తన చిన్నకోడలు చిలకమ్మను వెంటబెట్టుకుని కొండ దిగింది. ఏడో నెల. పాదాలు వాచి ఉన్నాయి, నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసపడుతోంది. పైడిరాజు ఆమె కింది రెప్ప లాగి చూశాడు. సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. అక్కడే నిలబడి చిలకమ్మ రెండుసార్లు దగ్గింది. గుమ్మంలో ఉన్న కాపలా మనిషి లేచి తలుపు వేసేశాడు.

"ఆ పెట్టితో ఓపాలి సూడండి బాబూ. పెద్దదాన్ని ఈడనే పోగొట్టుకున్నాం. ఇదీ అలాగే తెల్లబడిపోతంది" అంది బోడెమ్మ.

పైడిరాజు మూసిన తలుపు వైపు చూశాడు. ఉన్నవాటిలోంచి ఐరన్ మాత్రలు ఇచ్చాడు. జిల్లా ఆసుపత్రికి వెళ్ళి చేరమన్నాడు. నాట్ల రోజులని, అక్కడ తోడు ఎవరుంటారని చెప్పి వాళ్ళు తిరిగి కొండెక్కారు. ఇద్దరూ మలుపు తిరిగేదాకా అతను వరండాలో నిలబడి చూశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ రోజు అతనికి ఒక ఆలోచన వచ్చింది. రోగులు రాకూడదన్నది దర్శిని గదిలోకి. చిలకమ్మ ఇంట్లో చిలకమ్మ దగ్గకూడదని ఎక్కడా లేదు. పెట్టెను గుమ్మిడిగూడకు మోసుకెళ్ళడానికి సంచార అనుమతి కోరాడు. జవాబు తొందరగానే వచ్చింది. సదరు గర్భిణికి రక్తహీనత ఉన్నట్లు దర్శిని ద్వారా నిర్ధారించిన నివేదిక జతపరచనందున, దర్శినిని ఆమె వద్దకు పంపవలసిన ఆవశ్యకత నిరూపితం కాలేదు. నిరూపించిన పిమ్మట మరల దరఖాస్తు చేసుకొనవచ్చును.

దాంతోపాటు ఇంకో కాగితం. వాగులో దివంగతమైన దర్శినికి సకాలంలో వాహనం అందకపోవడం విచారణలో తేలినందున, ప్రతి కేంద్రంలోనూ ఉన్న అంబులెన్సును ఇకమీదట దర్శిని అత్యవసర తరలింపు కొరకే సిద్ధంగా ఉంచాలి. మనుషుల కోసం కింద మండలం నుంచి వేరే అంబులెన్సును పిలిపించుకోవాలి. డ్రైవరు సింహాచలం బండిని గేటు దగ్గర నిలిపి, రోజూ ఉదయం స్టార్టు చేసి, ఆపి, తుడిచి, అందులోనే కునుకు తీసేవాడు.

రెండు రోజులు ఎడతెగకుండా కురిసిన ఒక మధ్యాహ్నం గేటులోకి డోలీ వచ్చింది. ముందు కొన చిలకమ్మ మొగుడు సుక్కయ్య భుజాన ఉంది. దుప్పటి తడిసి నీళ్ళు కారుతోంది. వెనక బోడెమ్మ చేతులు జోడించుకుని నడుస్తోంది, ఎవరికి జోడించిందో ఆమెకే తెలియనట్టు.

"తెల్లారి నొప్పులు లేసినాయి బాబూ. కళ్ళు మసకేస్తన్నాయంటంది. తలకాయ పగిలిపోతందంటంది" అన్నాడు సుక్కయ్య.

పాత చేతిపంపు మిషనుతో పోటు చూసి ఎస్తేరమ్మ పైడిరాజు మొహంలోకి చూసింది. ఈ పోటుకు ఏ క్షణమైనా ఫిట్స్ రావచ్చు. దానికి ఇచ్చే ఇంజెక్షను తగ్గించిన సగం సరఫరాలో పోయింది. ఒంట్లో రక్తం లేదు. ఇక్కడ ఉంచితే తల్లీ పోతుంది, బిడ్డా పోతుంది. జిల్లా ఆసుపత్రికి చేరిస్తే బతకడానికి దారుంది.

కింద మండలం అంబులెన్సుకు ఫోను చేశారు. కల్వర్టు దగ్గర రోడ్డు కోసుకుపోయిందనీ, నీళ్ళు తగ్గాక వస్తామనీ చెప్పారు. ఇవతలి బండి గేటు దగ్గర తళతళలాడుతోంది.

"నాను తీసీగలను సార్, కల్వర్టు దాకా నిమిషాల్లో పోతాను. కానీ కదిలితే జిల్లాలో తెలిసిపోద్ది, బండిలో జాడ సెప్పే మిషనుంది. ఉజ్జోగం పోతాది" అన్నాడు సింహాచలం. అతని కళ్ళు డోలీ మీదే ఉన్నాయి.

పైడిరాజు చయనులు గారికి ఫోను చేశాడు. చిలకమ్మ పరిస్థితి అంతా చెప్పాడు. ఆయన ఓపికగా విన్నారు.

"చాలా విచారకరం. మానవీయ కోణంలో మీ ఆవేదన అర్థమవుతోంది. అయితే ఒక ప్రాణం కోసం ప్రోటోకాల్ ఉల్లంఘిస్తే, రేపు ప్రతి ప్రాణమూ అడుగుతుంది. దర్శినికి ఏమైనా అయితే మాత్రం క్షణం ఆలస్యం చేయకండి."

పైడిరాజు ఫోను పెట్టేశాడు. చీర తెర వెనక చిలకమ్మ మూలుగు వినిపించింది. కాన్పుల గదిలోంచి ఏసీ చప్పుడు వినిపించింది. అతను చెప్పులు విడవకుండా, బురద కాళ్ళతోనే ఆ గదిలోకి వెళ్ళాడు. కాపలా మనిషి అడ్డం రాబోయి అతని మొహం చూసి పక్కకు తప్పుకున్నాడు.

పెట్టె మూత తీసి, ఆన్ చేసి, ప్లగ్గు పీకాడు. వచ్చినప్పటినుంచీ కరెంటు మీదే ఉండి, ఒక్క రోజూ సొంతంగా బతకని బ్యాటరీ అది. చూస్తుండగానే తెర మీద ఎర్ర గుర్తు వెలిగింది. పెట్టె సన్నగా కీచుమనడం మొదలుపెట్టింది.

"సార్, దర్శిని బాగోలేదు" అన్నాడు పైడిరాజు మళ్ళీ ఫోను చేసి.

"ఏమైంది?"

"మూలుగుతోంది సార్. బ్యాటరీ పడిపోతోంది." ఫోనును పెట్టె దగ్గర పెట్టాడు.

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. చయనులు గారి గొంతు వణికింది. నిజమైన బాధతోనే వణికింది, అందులో అనుమానం లేదు.

"ఎప్పటినుంచి? ఎంతసేపటినుంచి ఇలా ఉంది? డాక్టరుగారూ, మీరు పక్కనే ఉండండి, దాన్ని ఒంటరిగా వదలకండి. ఇక్కడ జిల్లా ఆసుపత్రి ఆవరణలోనే పరికరాల విభాగం ఉంది, వెంటనే తరలించండి. దారిలో అడ్డంకులన్నీ నేను తీయిస్తాను."

"కల్వర్టు దగ్గర రోడ్డు పోయింది సార్."

"అవతలి ఒడ్డున ఇంకో వాహనం నిలబెట్టిస్తాను. పోలీసులకు చెబుతాను. ఆ నీళ్ళు దాటించేటప్పుడు కుదుపు తగలకూడదు. మీ ప్రాంతంలో మనుషుల్ని మోసే సాధనం ఏదో ఉంటుంది కదా?"

"డోలీ సార్."

"ఆ డోలీలో పెట్టండి. మోసేవాళ్ళు అనుభవజ్ఞులై ఉండాలి. సామగ్రి ఏదీ వెనక వదలవద్దు. దర్శినికి తీగతో అనుసంధానమై ఉన్నదంతా దర్శినిలో భాగమే. ఒక్కటి తగ్గినా మీదే బాధ్యత."

"తీగతో అనుసంధానమై ఉన్నదంతానా సార్?"

"అంతా."

పైడిరాజు పెట్టె ఎత్తుకుని వరండాలోకి వచ్చాడు. ఒక చేత్తోనే ఎత్తాడు. ఎంత తేలికగా ఉందో అతనికి అప్పుడే తెలిసింది. చిలకమ్మ చేతికి పట్టీ చుట్టాడు, వేలికి క్లిప్పు తొడిగాడు, పొట్ట మీద బిళ్ళ ఆనించి కట్టాడు.

"ఏటిది సార్?" అంది ఎస్తేరమ్మ.

"దర్శిని సామగ్రి సిస్టర్. వెనక వదలొద్దన్నారు. బండెక్కించండి."

అంబులెన్సు సాకెట్టులో ప్లగ్గు పెట్టగానే పెట్టె కీచుమనడం ఆపి పనిలో పడింది. దాని జన్మలో మొదటిసారి ఒక రోగిని చూసింది. పోటు చెప్పింది, రక్తం ఎంత తక్కువుందో చెప్పింది. ఆ తర్వాత బండిలో అందరికీ వినపడేలా బిడ్డ గుండె చప్పుడు మొదలైంది. బోడెమ్మ నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పైడిరాజు ఆ అంకెలన్నీ జిల్లా ఆసుపత్రి కాన్పుల డాక్టరమ్మకు ఫోనులో చెప్పాడు. ఏ గ్రూపు అని ఆమె అడిగింది. ఆ పరీక్ష కూడా బండిలోనే చేసి చెప్పాడు. మంచి పెట్టె. ఇంత మంచి పెట్టెను ఇన్నాళ్ళూ ఫినాయిలు వాసన మధ్య కూర్చోబెట్టినందుకు అతనికి కళ్ళు తిరిగినంత కోపం వచ్చింది. ఆ కోపంలో తన వాటా ఎంతో కూడా అతనికి తెలుసు.

కల్వర్టు దగ్గర సుక్కయ్య, అతని అన్న నడుం లోతు నీళ్ళలో డోలీ మోశారు. చిలకమ్మ పెట్టెను రెండు చేతులా ఒళ్ళో పట్టుకుంది. అవతలి ఒడ్డున ఇంకో బండి సిద్ధంగా ఉంది, పోలీసులు నిలబడి ఉన్నారు. లారీలు, బస్సులు పక్కకు తీయించి దారి ఇచ్చారు. ఒక ఎస్సై వాననీళ్ళలోనే సెల్యూట్ కొట్టాడు. గుమ్మిడిగూడ మనిషికి ఎవరైనా సెల్యూట్ కొట్టడం బోడెమ్మ చూడడం అదే మొదలు. అది పెట్టెకని ఆమెకు తెలియదు, పైడిరాజు చెప్పలేదు.

జిల్లా ఆసుపత్రి ముందు చయనులు గారు గొడుగు కింద నిలబడి ఉన్నారు. పక్కన ఇద్దరు ఇంజనీర్లు. తలుపు తీసి లోపలికి చూసి ఆయన ఆగిపోయారు.

"ఈమె ఎవరు?"

"తీగతో అనుసంధానమై ఉంది సార్. దారిలో తీస్తే దర్శినికి ప్రమాదమేమోనని తీయలేదు."

చయనులు గారు తీగను చూశారు. తీగ ఈ కొన నుంచి ఆ కొన దాకా కళ్ళతో నడిచారు. ఆయన మాటకు ఆయనే ఎదురుపడి నిలబడ్డారు. ఈలోపు కాన్పుల డాక్టరమ్మ స్ట్రెచరుతో వచ్చి క్లిప్పు, పట్టీ, బిళ్ళ విప్పేసి చిలకమ్మను లోపలికి తీసుకుపోయింది. రక్తం సీసా అప్పటికే సిద్ధంగా వేలాడుతోంది.

ఇంజనీర్లు పెట్టెను చూసి బ్యాటరీలో చార్జింగు నిలవడం లేదన్నారు, ఇంకేమీ లేదన్నారు. దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. తల్లి తెలివిలోనే ఉంది. సుక్కయ్య పైడిరాజు కాళ్ళ మీద పడబోతే అతను వెనక్కి జరిగి, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

దర్శిని సకాల తరలింపు మీద చయనులు గారు సమర్పించిన నివేదిక రాజధానిలో మంచి పేరు తెచ్చుకుంది. విపత్కర వర్షంలో ఒక పరికరాన్ని కాపాడిన తీరు ఆదర్శప్రాయమని రాశారు. పైడిరాజుకు బదిలీ రాలేదు, ఒక సంజాయిషీ నోటీసు వచ్చింది. దర్శినితో పాటు అనుబంధ సామగ్రిగా వెళ్ళినది ఒకటి కాగా, తిరిగి వచ్చినవి రెండుగా కనబడుచున్నవి. అదనంగా చేరిన ఒకటి ఎచ్చటినుండి వచ్చినది? దానిని నిల్వలో చేర్చితిరా?

అది ఎస్తేరమ్మకు చదివి వినిపించి పైడిరాజు నవ్వాడు.

కథ గుమ్మిడిగూడ చేరడానికి ఎంతసేపు కావాలి. ఆ సోమవారం వరండా నిండా ఆడవాళ్ళు. అందరికంటే ముందు బోడెమ్మ, మనవరాలిని ఎత్తుకుని కూర్చుంది. వెనక కడుపుతో ఉన్నవాళ్ళు నలుగురైదుగురు, కర్ర ఊతంతో ఒక ముసలమ్మ.

"మా ఈళ్ళకి కూడా ఆ తీగ కట్టీండి బాబూ" అంది బోడెమ్మ. "తీగ నేకుండా పెద్దది ఒచ్చినాది, పోనాది. తీగుంటే సిన్నదానికి పోలీసోలు దారిచ్చినారు."

పైడిరాజు కుర్చీలోంచి లేచాడు. కాన్పుల గది తలుపులు బార్లా తీయించి, పెట్టెను వరండాలోకి తెచ్చి, సాయంత్రం దాకా ఒక్కొక్కరికీ కట్టి చూశాడు. దగ్గినవాళ్ళకు ముందు కట్టాడు. తర్వాత సంజాయిషీకి జవాబు రాశాడు. అదనంగా వచ్చినది నిల్వలో చేర్చబడినది, బరువు పెరుగుచున్నది. దాని కిందే ఒక వినతి చేర్చాడు. తీగ చాలడం లేదు, పొడవైన తీగ మంజూరు చేయగలరు.

రెండు రోజులకు ఫోను మోగింది.

"మీ వినతి కమిటీ సానుకూలంగా పరిశీలించింది. దర్శిని గది దాటనవసరం లేకుండా తీగ పొడిగించాలన్న మీ ఆలోచన మాకు నచ్చింది. ఎంత పొడవు కావాలో మాత్రం మీరు రాయలేదు" అన్నారు చయనులు గారు.

పైడిరాజు కిటికీలోంచి కొండ వైపు చూశాడు. వాన వెలిసింది. పైన గుమ్మిడిగూడలో ఎవరింట్లోనో పొయ్యి పొగ లేస్తోంది.

"గుమ్మిడిగూడ దాకా సార్" అన్నాడు.

అవతల కాగితం మీద కలం కదిలిన చప్పుడు వచ్చింది.

"రానూ పోనూ కలిపి రాయమంటారా?" అని అడిగారు చయనులు గారు.